రెండు సీసాల కల్లు లెక్కకు అందని ఫిట్స్: సరిహద్దు ఊళ్ల నుంచి ఒక కేసు

నేపథ్యం

మా ఆసుపత్రి నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంది. ధర్మాబాద్, కుండల్‌వాడి, బిలోలి, దెగ్లూర్ వైపు చాలా ఇళ్లలో బడి చదువు, ఆఫీసు కాగితాలు మరాఠీలో ఉన్నా ఇంట్లో మాట తెలుగే. పెళ్లి సంబంధాలు బోధన్, బాసర, నిజామాబాద్ వైపు కలుస్తాయి. కాన్పులకు, పండగలకు, పెళ్లిళ్లకు రెండు వైపులా రాకపోకలు ఉంటాయి. మనిషి వస్తాడు కానీ రోజూ తాగే కల్లు దుకాణం వెంట రాదు. అందుకే కల్లు ఒక్కసారిగా ఆగిపోయి మంచాన పడ్డవాళ్లను మేం తరచుగా చూస్తుంటాం.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. మద్యం మానేసినప్పుడు ఏ గంటకు ఏ లక్షణం వస్తుందో వైద్య పుస్తకాల్లో వివరంగా ఉంటుంది. మందు కల్లుకు, అంటే మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లలో ఆ టైమ్‌టేబుల్ సరిపోదు. సరిపోవడం లేదని ఎంత త్వరగా గుర్తిస్తే రోగి అంత క్షేమంగా బయటపడతారు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వయసు, ఊరు, బంధుత్వాల వివరాలు కొన్ని మార్చాను.

ఆమెకు 50 దాటాయి. నిజామాబాద్ జిల్లాలోని ఒక ఊళ్లో బీడీలు చుడుతుంది. కూతురు కాన్పుకు సాయంగా ఉండాలని మా వైపు వచ్చింది. బీపీకి మాత్ర వేసుకుంటుంది, షుగర్ లేదు, ఇంతకుముందెప్పుడూ ఫిట్స్ రాలేదు.

సమస్య

వచ్చిన రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట, వాంతులు. ప్రయాణం బడలిక అనుకున్నారు. ఆ రాత్రికి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టింది. తునికాకు కట్ట ఎవరో ఎత్తుకుపోయారని ఇల్లంతా వెతికింది. మెడ ఒకవైపు మెలితిరిగి కాసేపు అలాగే బిగుసుకుపోయేది. పొద్దున ఊళ్లో వైద్యుడు వచ్చి వాంతులకు ఇంజెక్షన్ చేసి, గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. ఆ తర్వాత కొద్దిసేపటికే ఫిట్స్ వచ్చాయి. ఆటోలో మా దగ్గరికి తెచ్చారు.

నాడి 124, బీపీ 160/100, ఒంట్లో కొద్దిగా వేడి. నాలుక అంచు తెగింది. మెడ ముందుకు వంగుతోంది కాబట్టి మెదడు పొరల ఇన్‌ఫెక్షన్ అవకాశం తక్కువ అనిపించింది. షుగర్ సరిగ్గా ఉంది, సోడియం కాస్త తక్కువ, మలేరియా లేదు. శాంతించాక తీయించిన తల సీటీ కూడా బాగానే ఉంది.

మద్యం అలవాటు గురించి అడిగితే కూతురు గట్టిగా చెప్పింది: "మా అవ్వ మందు ముట్టదు సార్."

కల్లు గురించి విడిగా అడిగాను. "కల్లా? అది రోజూ తాగుతది. పొద్దుగూకినంక రెండు సీసాలు. అది లేకపోతే ఆమెకు నిద్ర రాదు." కూతురు ఏమీ దాచలేదు. వాళ్లింట్లో కల్లును తాగుడు కింద లెక్కేయరు, అంతే. రోగి చేతివేళ్లు చూసి బీడీల పని అని తెలిశాక కల్లు గురించి అడగకపోతే మా ప్రాంతంలో సగం చరిత్ర వదిలేసినట్టే. రోజంతా ఒకే చోట వంగి కూర్చుని చేసే పని అది. నడుము నొప్పికి, నిద్రకు సాయంత్రం కల్లే మందు అనుకునే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు.

లెక్క ఎక్కడ తప్పింది

కల్లులో ఆల్కహాల్ సుమారు 5 శాతం ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసాలు రెండంటే 65 మిల్లీలీటర్ల ఆల్కహాల్. ఒక క్వార్టర్ విస్కీలో ఉన్నంత కూడా కాదు. ఆ మోతాదుకు అలవాటు పడి ఆపేసినవారికి వణుకు, నిద్రలేమి రావచ్చు. ఫిట్స్, భ్రమలు, ఇంత తీవ్రమైన అయోమయం మాత్రం ఆ లెక్కకు చాలా ఎక్కువ. లివర్ ఎంజైములు కూడా దాదాపు మామూలుగా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎక్కువ మద్యం తాగినవారి రక్తపరీక్ష సాధారణంగా ఇంత శుభ్రంగా ఉండదు.

సమయం కూడా కుదరలేదు. ఆఖరి సీసా తాగి అప్పటికి 60 గంటలు దాటింది. 1953లో మారిస్ విక్టర్, రేమండ్ ఆడమ్స్ బోస్టన్‌లో మద్యం రోగులను వరసగా గమనించి రాసిన వివరాలు ఇప్పటికీ మాకు ఆధారం. మద్యం ఆపినప్పుడు వచ్చే ఫిట్స్ చాలావరకు మొదటి 48 గంటల్లోనే వస్తాయి, డెలీరియం, అంటే భ్రమలతో కూడిన తీవ్రమైన అయోమయం, ఆ తర్వాత వస్తుంది. ఈమెకు భ్రమలు ముందు, ఫిట్స్ తర్వాత వచ్చాయి. అది ఒక్కటే అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మోతాదు, లివర్, సమయం, మెడ మెలితిరగడం నాలుగూ కలిపి చూస్తే సీసాలో ఆల్కహాల్ కాక ఇంకేదో ఉందని అనుమానించక తప్పదు.

మెడ విషయంలో ఇంకో అవకాశం చూడాల్సి వచ్చింది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వల్ల కూడా కొందరికి మెడ ఇలాగే పక్కకు లాగేస్తుంది. ఆ వైద్యుడికి ఫోన్ చేస్తే ఇచ్చింది అదేనని చెప్పాడు. అయితే కూతురి లెక్క ప్రకారం మెడ తిరగడం ముందురోజు రాత్రే మొదలైంది, ఇంజెక్షన్ మర్నాడు పొద్దున. కాబట్టి ఇంజెక్షన్‌ను కారణం చేయలేం. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారి పడిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు వచ్చినవారిలో కూడా మెడలు మెలితిరగడం, నాలుక కొరుక్కోవడం, వింత ప్రవర్తన కనిపించాయి.

మత్తు కోసం కల్లులో కలిపే మందుల్లో మూడు పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి: అల్‌ప్రాజోలం, జనం డైజోఫాం అనే డయాజిపామ్, సీహెచ్ అని పిలిచే క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. క్లోరల్ హైడ్రేట్ 1869లో నిద్రమందుగా వాడుకలోకి వచ్చింది. మద్యంతో దాని సంబంధం ప్రత్యేకమైనది. ఒంట్లో అది ట్రైక్లోరోఇథనాల్‌గా మారాకే మత్తు పట్టిస్తుంది. పక్కన ఆల్కహాల్ ఉంటే ఆ మార్పు వేగంగా జరుగుతుంది. అలా పుట్టిన ట్రైక్లోరోఇథనాల్ తిరిగి ఆల్కహాల్ అరుగుదలను నెమ్మదింపజేస్తుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. పలచటి కల్లు తాగి అంత గాఢంగా నిద్రపోవడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

మెదడులో ఇవన్నీ ఒకే చోటికి చేరతాయి. నరాల ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనానికి నరకణాల మీద గ్రాహకాలు ఉంటాయి. ఆల్కహాల్, డయాజిపామ్, అల్‌ప్రాజోలం, ట్రైక్లోరోఇథనాల్ ఆ గాబా-ఎ గ్రాహకం మీద వేర్వేరు స్థానాల్లో పనిచేసి దాని బలం పెంచుతాయి. రోజూ ఇలా జరుగుతుంటే మెదడు తక్కెడ సరిచేసుకుంటుంది: గాబా వైపు స్పందన తగ్గించి, ఉద్రేకం కలిగించే గ్లూటమేట్ వైపు గ్రాహకాలు పెంచుతుంది. కల్లు ఉన్నంతకాలం తక్కెడ ముల్లు నిటారుగానే కనిపిస్తుంది. కల్లు ఒక్కసారిగా ఆపితే రెండోవైపు బరువంతా బయటపడుతుంది. వణుకు, చెమట, నాడి వేగం, భ్రమలు, ఫిట్స్ అన్నీ ఆ బరువే.

చేసిన వైద్యం

ఫిట్స్ మళ్లీ రాకుండా ముందు డయాజిపామ్ కోవకే చెందిన లోరజిపామ్ సిరలోకి ఇచ్చాం. వెంటనే థయమిన్ పెద్ద మోతాదులో మొదలుపెట్టాం. మెదడు గ్లూకోజ్‌ను శక్తిగా మార్చుకోవాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్ తప్పనిసరి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి సరిపోదు. తిండి తక్కువై, రోజూ తాగేవారికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి థయమిన్ లోటుతో మెదడు దెబ్బతినే వెర్నికీ జబ్బు ముంచుకురావచ్చు. కళ్ల కదలిక తప్పడం, నడక తూలడం, అయోమయం మూడూ కలిసి కనిపిస్తేనే ఆ జబ్బు అనుకుంటే చాలామందిని వదిలేస్తాం. 1986లో పోస్ట్‌మార్టంలో వెర్నికీ అని తేలిన 131 మంది రికార్డులు హార్పర్ బృందం తిరగేస్తే ఆ మూడూ ఉన్నవారు 16 శాతమే. ఈమెకు గ్లూకోజ్ అప్పటికే ఎక్కింది కాబట్టి కళ్లు బాగున్నా ఆగలేదు.

ఆమె గట్టిగా అరుస్తుంటే హాలోపెరిడాల్ ఇవ్వమని అందరూ అడిగారు. మామూలుగా గొడవ చేసే రోగికి అది పనికొస్తుంది. విత్‌డ్రాయల్‌లో, అంటే అలవాటైన మత్తు ఆగిపోయినప్పుడు వచ్చే ఈ స్థితిలో మాత్రం అది గాబా లోటు తీర్చదు, పైగా ఫిట్స్ రావడాన్ని తేలిక చేస్తుంది. మెడ అప్పటికే మెలితిరుగుతున్న మనిషికి ఇంకా ఇబ్బంది. 1969లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ ట్రయల్‌లో అదే కోవకు చెందిన క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చినవారికంటే, డయాజిపామ్ కోవకు చెందిన క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇచ్చినవారిలో ఫిట్స్, డెలీరియం తక్కువగా కనిపించాయి. అందుకే హాలోపెరిడాల్ వద్దని, మంచం దగ్గర లైటు ఆర్పకుండా, కూతుర్ని పక్కన కూర్చోబెట్టి, డయాజిపామ్ మీదే ఉన్నాం. లివర్ బాగుంది కాబట్టి ఎక్కువసేపు పనిచేసే డయాజిపామ్ ఎంచుకున్నాం. లివర్ దెబ్బతిన్నవారైతే లోరజిపామ్‌తోనే నడిపేవాళ్లం.

మద్యం విత్‌డ్రాయల్ తీవ్రతను కొలవడానికి 1989 నుంచి వాడుకలో ఉన్న సివా-ఏఆర్ స్కోర్‌లో 10 అంశాలు, మొత్తం 67 మార్కులు ఉంటాయి. స్కోర్ పెరిగినప్పుడే మందు ఇస్తూ పోయాం. రెండో రోజుకు ఆమె కూతుర్ని గుర్తుపట్టింది. మూడో రోజు అన్నం తింది. మద్యం విత్‌డ్రాయల్‌కు ఉన్న పద్ధతి ప్రకారం మందు తగ్గిస్తూ ఐదారు రోజుల్లో పూర్తిగా ఆపేద్దామనుకున్నాం.

పనిచేయనిది

మందు బాగా తగ్గాక, ఆరో రోజు రాత్రి అన్నీ తిరిగొచ్చాయి. చెమట, వణుకు, చీమలు, మెడ. మద్యం విత్‌డ్రాయల్ అయితే ఇప్పటికి సద్దుమణగాలి.

కొత్తగా ఇన్‌ఫెక్షన్ వచ్చిందా అని ఛాతీ, మూత్రం చూశాం. సోడియం సరిపోయింది. లివర్ వల్ల వచ్చే అయోమయానికి ఆధారం లేదు. థయమిన్ ఆగలేదు. మూత్రంలో బెంజోడయాజిపైన్లను, అంటే డయాజిపామ్ కోవ మందులను పట్టే కిట్ పాజిటివ్ వచ్చింది కానీ దానితో ఏమీ తేలదు, మేమే ఇచ్చాం కదా. పైగా ఆ కిట్ క్లోరల్ హైడ్రేట్‌ను అసలు పట్టదు. అనుమానం ఉంటే మొదటి డోసుకు ముందే మూత్రం తీసి ఉంచాలి, కానీ ఫిట్స్‌తో వచ్చిన మనిషి విషయంలో అది ఎప్పుడూ కుదరదు.

అసలు సమాధానం ఊళ్లో ఉన్న ఆమె భర్తతో ఫోన్‌లో దొరికింది. "ఆ దుకాణం కల్లయితేనే ఆమెకు పడతది సార్. మా తమ్ముడు చెట్టు మీద నుంచి దించిన కల్లు తెచ్చిస్తే ఎంత తాగినా ఆ రాత్రి నిద్రపోదు, చేతులు వణుకుతయి." చెట్టు కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. అది తాగినా తీరని లోటు ఆల్కహాల్‌ది కాదు. ల్యాబ్ రిపోర్టు లేకపోయినా ఈ ఒక్క మాట చికిత్స దిశ మార్చడానికి సరిపోయింది.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. మూడేళ్ల కిందట ఒక పెళ్లికి ఇటు వచ్చినప్పుడు ఆమె రెండు రాత్రులు నిద్రపోలేదు. పోయిన దీపావళికి వచ్చినప్పుడు వణుకు, గోడ మీద ఏవో కనిపించడం. ఈసారి ఫిట్స్. పదే పదే ఆగి మళ్లీ మొదలయ్యే తాగుడులో ప్రతి విత్‌డ్రాయల్ ముందుదానికంటే తీవ్రమవుతుందని 1978లో బాలెంజర్, పోస్ట్ వివరించారు. వచ్చిన ప్రతిసారీ ఈ ఊరి నీళ్లు పడట్లేదని ఇంట్లో అనుకున్నారు.

ఆ సాయంత్రమే ఒక బంధువు అటునుంచి సంచిలో సీసా తెచ్చాడు. అల్లుడు నా గదికి వచ్చి నెమ్మదిగా అడిగాడు: "సగం సీసా ఇస్తే మా అత్తమ్మ ఊకుంటది సార్. ఇయ్యమంటరా?" అతనిది మంచి ఆలోచనే, అబద్ధం కూడా కాదు. తాగితే అరగంటలో ఆమె శాంతించేది. నేను వద్దన్న కారణం అతనికి విడమరిచి చెప్పాను: ఆ సీసాలో ఏ మందు ఎంత ఉందో అమ్మినవాడికి కూడా తెలియదు, ఒంట్లో ఇప్పటికే డయాజిపామ్ ఉంది, రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఆమెకు కావాల్సినదాన్నే నేను ఇస్తాను, కొలిచి ఇస్తాను అన్నాను. సీసా నర్సు చేతికిచ్చి వెళ్లాడు.

పనిచేసింది

1961లో లియో హోలిస్టర్ బృందం పెద్ద మోతాదుల్లో క్లోర్‌డయాజెపాక్సైడ్‌కు నెలల తరబడి అలవాటైన 11 మందికి మందు ఒక్కసారి ఆపితే 10 మందికి లక్షణాలు వచ్చాయి. ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి, అవీ దాదాపు వారం తర్వాతే. నిద్రమందుల విత్‌డ్రాయల్ నెమ్మదిగా మొదలై చాలా రోజులు సాగుతుంది. ఐదు రోజుల మద్యం పద్ధతి దీనికి పొట్టిది.

కల్లులో ఎంత మందు ఉండేదో తెలియదు కాబట్టి సమాన మోతాదు లెక్కకట్టి ప్రయోజనం లేదు. మోతాదు రోగే చెప్పాలి. రాత్రి నాలుగైదు గంటలు పడుకుని, పిలిస్తే వెంటనే కళ్లు తెరిచి, ఊపిరి మామూలుగా ఉండి, వణుకు చాలావరకు తగ్గిన మోతాదు ఎక్కడుందో వెతికాం. ఆమెకు అది రోజుకు 40 మిల్లీగ్రాముల డయాజిపామ్ దగ్గర ఆగింది. వారం పాటు ఏమీ తగ్గించలేదు. ఇంట్లోవాళ్లకు ఇదే కష్టమైంది, బాగైంది కదా ఇంకెందుకని అడిగేవారు. ఆ వారం ఆమె నిద్ర స్థిరపడటానికి అవసరం. ఆ తర్వాత వారానికోసారి కొద్దికొద్దిగా, సుమారు పదో వంతు చొప్పున తగ్గించాం. చివర్లో ఇంకా నెమ్మది చేశాం, ఎందుకంటే అక్కడ ఒక్క మాత్ర తగ్గించినా మిగిలినదానిలో పెద్ద భాగం పోయినట్టే. మొత్తం నాలుగు నెలలకు దగ్గర పడింది.

మాత్రల షీటు ఆమె చేతికివ్వలేదు. ఏ రోజుకారోజు పొట్లం కట్టి కూతురికి ఇచ్చేవాళ్లం, వారానికి మించి ఇవ్వలేదు. డయాజిపామ్ కూడా అలవాటయ్యే మందే. కల్లు దుకాణం పోయి మెడికల్ షాపు వచ్చిందంటే వైద్యం జరగనట్టే.

వణుకు కొలవడానికి మామూలుగా రాత రాయిస్తాం లేదా వలయాలు గీయిస్తాం. ఆమెకు చదువు రాదు, పెన్ను పట్టిస్తే ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా వణుకుతుంది. కాబట్టి వచ్చినప్పుడల్లా ఒక బీడీ చుట్టి చూపించమన్నాను. తడిపిన తునికాకును కత్తెరతో కోసి, పొగాకు సన్నగా పరిచి, బొటనవేలితో చుట్టి, మొన మడిచి దారం కట్టాలి. మొదట్లో పొగాకు ఒళ్లో రాలిపోయేది, దారం ముడి పడేది కాదు. తగ్గింపు సరిగ్గా సాగుతున్న వారాల్లో ముడి ఒక్కసారికే పడేది. ఒక వారం ఆకు బాగానే కోసింది గానీ దారం దగ్గర వేళ్లు తడబడ్డాయి. నిద్ర ఎలా ఉందని అడిగితే రెండు రాత్రులుగా లేదంది. ఆ వారం మోతాదు తగ్గించకుండా అక్కడే నిలిపాం. సివా స్కోర్‌లో అది కనిపించలేదు, అప్పటికి ఆ స్కోర్ దాదాపు సున్నాలోనే ఉంది.

మద్యం కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ గురించి ఆలోచించాం. ఆమెకు కోరికకంటే నిద్ర పట్టదనే భయమే ఎక్కువ. అందుకే దాన్ని వదిలేసి నడుము నొప్పికి ఫిజియోథెరపీ, రాత్రి టీ ఆపడం, పగటి నిద్ర మానడం మీద శ్రమ పెట్టాం. మనవడు పుట్టాక రాత్రి మేలుకోవాల్సి వచ్చినప్పుడు మళ్లీ మొదలవుతుందేమోనని టెన్షన్ పడ్డాం. బిడ్డ ఏడుపుతో మేలుకున్న నిద్రలేమికి, పాత వణుకుతో వచ్చే నిద్రలేమికి తేడా ఆమే చెప్పగలిగింది: "ఇది అలసట సార్, అది వేరు."

నేర్చుకున్నవి

కల్లు తాగేవారి విత్‌డ్రాయల్‌లో తాగిన ఆల్కహాల్‌కూ జబ్బు తీవ్రతకూ పొంతన లేకపోతే సీసాలో ఇంకేదో ఉందని అనుకునే చికిత్స మొదలుపెట్టాలి, ల్యాబ్ కోసం ఆగకూడదు. అడగాల్సిన ప్రశ్న ఎన్ని సీసాలని మాత్రమే కాదు. దుకాణం మారితే, చెట్టు కల్లు తాగితే నిద్ర పడుతుందా అని కూడా అడగాలి. పరాయి ఊరికి వెళ్లినప్పుడల్లా ఏమవుతుందో అడగాలి. ఐదో రోజు దాటాక లక్షణాలు తిరిగొస్తే మందును ముందటి మోతాదుకు తీసుకెళ్లి, వారాల్లో తగ్గించాలి.

ఒక విషయం కుటుంబానికి రాసి మరీ ఇచ్చాను. నాలుగు నెలలు తాగని ఒంటికి పాత రెండు సీసాలు ఇప్పుడు పాత రెండు సీసాలు కావు. మందును తట్టుకునే అలవాటు పోయింది కాబట్టి ఒకప్పుడు నిద్ర పట్టించిన మోతాదు ఇప్పుడు ఊపిరి ఆపగలదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసిన సంగతి వాళ్లకు తెలుసు, కాబట్టి ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు. బీడీ కంపెనీకి వెళ్లే దారిలోనే ఆ దుకాణం ఉంది. చుట్టిన బీడీలు ఇప్పుడు కోడలు తీసుకెళ్లి అప్పజెబుతోంది.

మా దగ్గర చేరే ప్రతి రోగి కాగితంలో, ఎముక విరిగి వచ్చినా, గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చినా, నర్సు ఇప్పుడు కల్లు గురించి వేరే గడిలో రాస్తుంది: ఏ దుకాణం, ఆఖరి సీసా ఎప్పుడు. ఆపరేషన్ అయిన మూడో రోజు రోగి అయోమయంగా మాట్లాడితే డ్యూటీ డాక్టర్ మొదట చూసేది ఆ గడినే.